మార్కెట్ ఊగుతున్నప్పుడు దాచుకున్న డబ్బు ఎక్కడ పెట్టాలి? మా తమ్ముడి పద్నాలుగు లక్షల లెక్క

2025 ఏప్రిల్ 7, సోమవారం. అమెరికా సుంకాల దెబ్బకు సెన్సెక్స్ ఆ ఒక్కరోజే 2,200 పాయింట్లకు పైగా పడింది. పొద్దున్నే విజయవాడ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్. "అన్నయ్యా, మొత్తం తీసేస్తున్నా. మా ఇంటి ఓనరుగారి బావమరిదికి బిజినెస్‌లోకి డబ్బు కావాలట, రెండు రూపాయల వడ్డీ ఇస్తాడట, నోటు రాసిస్తాడు, పార్టీ గట్టిది" అన్నాడు.

వాడు మూడేళ్లుగా నెలకు పదివేల చొప్పున, యాభై పెద్ద కంపెనీల షేర్లు కలిపి కొనే నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో సిప్ కడుతున్నాడు. కట్టింది 3 లక్షల 60 వేలు. ఇప్పుడెంత ఉందిరా అంటే చూసి చెప్పాడు, నాలుగు లక్షలకు కాస్త అటూ ఇటూ. అంటే ఇంకా లాభంలోనే ఉన్నాడు. అయినా వణికిపోతున్నాడు, ఎందుకంటే అంతకు ముందు సెప్టెంబరులో, మార్కెట్ కొండెక్కి కూర్చున్నప్పుడు, కట్టింది మూడు లక్షలే అయినా విలువ నాలుగు లక్షలు చూపించింది. ఆ తర్వాత ఇంకో అరవై వేలు కట్టినా అంకె అక్కడే ఉంది. ఆ అరవై వేలూ గాల్లో కలిసిపోయాయని వాడి బాధ.

బయటికి రావాలనుకుంటే రా, కానీ ఎక్కడికి దూకుతున్నావో చూసుకుని దూకు అన్నాను. మా చుట్టాల్లో, స్నేహితుల్లో గట్టిగా దెబ్బతిన్నవాళ్లను లెక్కేస్తే షేర్లు పడి పోగొట్టుకున్నవాళ్ల కన్నా, షేర్లంటే భయమని చెప్పి చేబదుళ్లలో, రిజిస్ట్రేషన్ లేని చీటీల్లో, ప్రీ లాంచ్ ఫ్లాట్లలో పెట్టి పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు నాకు. ఆ రాత్రి ఫోన్లోనే రెండు గంటలు కూర్చుని వాడి డబ్బంతా ఒక కాగితం మీదకు తెచ్చాం. అదే వరసలో ఇక్కడ రాస్తున్నా. నేను షేరు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర రిజిస్టరైన సలహాదారుని కాను, ఇది ఒక ఇంటి లెక్క, మీ అంకెలు మీరు వేసుకోండి.

ముందు అన్నిటినీ పైసల వడ్డీలోకి మార్చండి

మన బుర్రలో వడ్డీ అంటే నూటికి నెలకు ఎంత అనే. బ్యాంకువాళ్లు, పోస్టాఫీసువాళ్లు ఏడాది శాతాల్లో చెబుతారు. ఈ రెండు భాషల మధ్యే సగం మోసాలు నడుస్తాయి, ఎందుకంటే "ఎఫ్.డి. మీద ఆరున్నర వస్తుంది, ఇక్కడ రెండు వస్తుంది" అని వింటే రెండు చిన్నగా, వినయంగా వినిపిస్తుంది. లెక్క తేలిక. ఏడాది శాతాన్ని పన్నెండుతో భాగించండి, నెల వడ్డీ వస్తుంది.

ఇప్పుడు చూడండి. పెద్ద బ్యాంకుల్లో చాలావాటిలో సేవింగ్స్ ఖాతాకు రెండున్నర శాతం, అంటే నూటికి ఇరవై పైసలు. ఆరున్నర శాతం ఎఫ్.డి. అంటే 54 పైసలు. ప్రభుత్వ పొదుపు ఖాతా పీపీఎఫ్ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం దగ్గరే ఉంది, 59 పైసలు. ఆడపిల్లల కోసం ఉన్న సుకన్య సమృద్ధి 2024 జనవరి నుంచి, సీనియర్ సిటిజన్ స్కీము 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం, 68 పైసలు. (ఈ చిన్నమొత్తాల రేట్లు మూడు నెలలకోసారి ప్రభుత్వం ప్రకటిస్తుంది, చేరేముందు ఆ రోజు రేటు చూసుకోండి.) కేంద్ర ప్రభుత్వం పూచీ ఉన్న చోట, ఉన్నవాటిలో మేలైన స్కీముకే 68 పైసలు వస్తుంటే, ఓనరుగారి బావమరిది రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం ఇస్తానంటున్నాడు. మూడు రెట్లు. ఎందుకిస్తున్నాడో తర్వాత మాట్లాడుకుందాం.

అప్పు ఉంటే ముందు దాని పని పట్టండి

కాగితం మీద మా వాడి లెక్క ఇది: సేవింగ్స్ ఖాతాలో 5 లక్షలు ఊరికే పడి ఉన్నాయి, ఎఫ్.డి. 3 లక్షలు, ఈమధ్యే మెచ్యూరై వచ్చిన ఎల్ఐసీ పాలసీ డబ్బు 2 లక్షలు, ఫండ్‌లో 4 లక్షలు. మొత్తం 14. ఎక్కడైనా బాకీ ఉందా అంటే లేదన్నాడు. కాసేపటికి వెనక నుంచి వాళ్లావిడ గొంతు, "గోల్డ్ లోన్ చెప్పండి" అని. లక్షన్నర. దాదాపు రూపాయి వడ్డీ కడుతూ, ఇటు ఇరవై పైసల వడ్డీకి ఐదు లక్షలు ఖాతాలో పెట్టుకున్నాడు! ఇది చాలా ఇళ్లలో ఉండేదే, అప్పూ నిల్వా రెండూ వేర్వేరు గదుల్లో ఉన్నట్టు ఆలోచిస్తాం.

రూపాయి వడ్డీ అప్పు తీర్చేస్తే, ఆ డబ్బు మీద మీకు రూపాయి వడ్డీ వచ్చినట్టే, అదీ రిస్కు లేకుండా, పన్ను లేకుండా. అలాంటి ఎఫ్.డి. ఏ బ్యాంకూ ఇవ్వదు. క్రెడిట్ కార్డు బాకీ అయితే చెప్పనే అక్కర్లేదు, నెలకు దాదాపు మూడున్నర శాతం వేస్తారు, అంటే మూడున్నర రూపాయల వడ్డీ, మా ఊళ్లో కాల్‌మనీ వాళ్లను తిడతాం గానీ ఇదీ ఆ పక్కవీధే. ఇంటి లోను మాత్రం వేరు, వడ్డీ తక్కువ కాబట్టి హడావుడిగా తీర్చాల్సిన పనిలేదు, చేతిలో డబ్బంతా ఊడ్చి దానికి కట్టేసి తర్వాత ఆసుపత్రి ఖర్చుకు పర్సనల్ లోన్ తీసుకున్నవాళ్లను చూశాను.

ప్రతి మూటకూ ఒక తేదీ వేయండి

మార్కెట్ ఎటు పోతుంది అన్న ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, టీవీలో కోటు వేసుకుని చెప్పేవాళ్ల దగ్గరా లేదు. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి సెన్సెక్స్ 2,500 పాయింట్లు పెరిగింది, మర్నాడు అసలు ఫలితాలు వస్తుంటే 4,390 పాయింట్లు పడింది. ఆ ముందు రోజు సాయంత్రం ఎంత ధీమాగా మాట్లాడారో గుర్తుండే ఉంటుంది. అందుకని జవాబు ఉన్న ప్రశ్న అడుగుదాం: ఈ డబ్బు నాకు ఎప్పుడు కావాలి? మూటకు తేదీ పడితే, అది ఎక్కడ ఉండాలో దాదాపు దానంతటదే తేలుతుంది.

మొదటి మూట, ఎప్పుడు కావాలో తెలియని డబ్బు. ఉద్యోగం పోవచ్చు, నాన్నకు గుండెకు స్టెంటు వేయాల్సి రావచ్చు. ఆరు నెలల ఇంటి ఖర్చు. మా వాడికి నెలకు 38 వేలు, కాబట్టి రెండున్నర లక్షలు అనుకున్నాం. ఇది షేర్లలో ఉండకూడదు, ఎందుకంటే మార్కెట్ కూలినప్పుడే ఉద్యోగాలూ పోతాయి, రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి, 2020 మార్చిలో చూశాం కదా. సగం సేవింగ్స్‌లో ఉంచి సగం ఎఫ్.డి.గా చేసుకోండి, లేదా బ్యాంకులో ఆటో స్వీప్ సదుపాయం అడగండి, ఖాతాలో ఒక మొత్తం దాటినదంతా దానంతటదే ఎఫ్.డి. అవుతుంది, అవసరమైతే విరుగుతుంది. కొద్దిరోజుల గడువు అప్పుల్లో డబ్బు పెట్టే లిక్విడ్ ఫండ్ కూడా బాగానే ఉంటుంది, మామూలుగా మర్నాటి పనిదినానికి డబ్బు ఖాతాలో పడుతుంది.

ఇక్కడే బ్యాంకు మాట. "బ్యాంకులో ఉంటే భయం లేదు" అనేది ఐదు లక్షల వరకే నిజం. డిపాజిట్ ఇన్సూరెన్స్ కింద ఒక మనిషికి ఒక బ్యాంకులో, అన్ని బ్రాంచీలూ కలిపి, అసలూ వడ్డీ కలిపి 5 లక్షలకే పూచీ. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. 2020 మార్చిలో యస్ బ్యాంక్ మీద రిజర్వు బ్యాంకు మారటోరియం పెట్టినప్పుడు ఖాతాదారు తీసుకోగలిగింది 50 వేలు. ఆ బ్యాంకు నిలబడింది, రెండు వారాల్లోపే ఆంక్షలు పోయాయి, సరే. కానీ అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో ముంబయి పీఎంసీ సహకార బ్యాంకులో మొదట ఇచ్చింది వెయ్యి రూపాయలు, అక్కడివాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. మన హైదరాబాదులో 2001 నాటి కృషి బ్యాంకు సంగతి పెద్దవాళ్లను అడగండి, చెబుతారు. కాబట్టి చిన్న బ్యాంకు, సహకార బ్యాంకు పది పైసలు ఎక్కువిస్తుందని వెళ్తే వెళ్లండి, వడ్డీతో కలిపి ఐదు లక్షలు దాటకుండా ఆపండి. ఇంకోమాట, ఈ పూచీ బ్యాంకులకే. ఫైనాన్స్ కంపెనీల డిపాజిట్లకు లేదు, ఊళ్లో పరపతి సంఘాలకు లేదు, బోర్డు మీద బ్యాంకు అనిపించేలా పేరు పెట్టుకున్నవాళ్లకు అసలే లేదు.

రెండో మూట, ఏడాది నుంచి నాలుగైదేళ్లలో కావలసింది. మా వాడు రెండేళ్లలో ఫ్లాట్‌కు అడ్వాన్సు కట్టాలని నాలుగున్నర లక్షలు అనుకున్నాడు. ఈ డబ్బునే జనం షేర్లలో పెట్టి ఏడుస్తారు. పెళ్లి డబ్బు, కాలేజీ ఫీజు డబ్బు, స్థలం రిజిస్ట్రేషన్ డబ్బు, వీటికి ముహూర్తాలు ఉంటాయి, మార్కెట్‌కు ఉండవు. 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ అక్టోబరుకల్లా 8 వేల దిగువకు పోయింది. 2010 నవంబరులో మళ్లీ ఆ గీత తాకి వెనక్కి జారింది, గట్టిగా దాటింది 2013 చివర్లో. 2008లో పెట్టి 2011లో కూతురి పెళ్లి పెట్టుకున్న తండ్రిని ఊహించుకోండి.

ఈ మూటకు ఎఫ్.డి.లే. కానీ అంతా ఒకే ఎఫ్.డి.గా వేయకండి. నాలుగున్నర లక్షలను మూడు ముక్కలు చేసి ఏడాదికి ఒకటి, ఏడాదిన్నరకు ఒకటి, రెండేళ్లకు ఒకటి వేస్తే, మధ్యలో అవసరం వచ్చినా ఒక్కటే విరుగుతుంది, ముందే తీసినందుకు కోసే అర శాతమో ఒక శాతమో ఆ ఒక్కదానికే. పైగా 2025లో రిజర్వు బ్యాంకు, తాను బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటును ఫిబ్రవరిలో మొదలుపెట్టి జూన్‌కల్లా ఆరున్నర నుంచి ఐదున్నరకు దించింది, దానితో ఎఫ్.డి. రేట్లూ దిగాయి. రేట్లు దిగుతున్న కాలంలో కొంత ఎక్కువ గడువుకు వేసుకున్నవాడు బాగుపడతాడు, పెరుగుతున్న కాలంలో తక్కువ గడువు వాడు. ఏది వస్తుందో మనకు తెలియదు కాబట్టే ముక్కలు. పోస్టాఫీసు టైమ్ డిపాజిట్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే కౌంటరు దగ్గర ఓపిక కావాలి, మా పక్కన పోస్టాఫీసులో సర్వరు మధ్యాహ్నం భోజనానికి మనుషులతో పాటే లేస్తుంది.

డెట్ ఫండ్లు, అంటే మన డబ్బును అప్పులుగా ఇచ్చే ఫండ్లు, ఎఫ్.డి. లాంటివే అని ఎవరైనా అంటే, అవి ఎవరికి అప్పిచ్చాయో అడగండి. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ ఫండ్లను ఒకేసారి మూసేసింది, ఎక్కువ వడ్డీ కోసం తక్కువ రేటింగ్ కంపెనీలకు అప్పులిచ్చిన ఫండ్లు అవి. తర్వాత విడతలుగా డబ్బు తిరిగి వచ్చింది, కానీ ఆ వారం కావలసినవాడికి రాలేదు. అదీగాక 2023 ఏప్రిల్ తర్వాత కొన్న డెట్ ఫండ్ల లాభం మీద పన్ను మీ స్లాబు ప్రకారమే, పాత పన్ను రాయితీ పోయింది. ఎఫ్.డి. వడ్డీ కూడా అంతే, స్లాబు ప్రకారం కట్టాల్సిందే. ముప్పై శాతం స్లాబులో ఉన్నవాడికి 54 పైసలు చేతికొచ్చేసరికి 38 పైసలు.

మూడో మూట, ఏడెనిమిదేళ్లు ముట్టనిది. షేర్లకు తగిన డబ్బు ఇది ఒక్కటే. ఇందులో కూడా అంతా షేర్లు కాదు.

మా వాడి పాపకు నాలుగేళ్లు. పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే సుకన్య ఖాతా తెరవడం గురించి రెండో ఆలోచన అనవసరం అని నా అభిప్రాయం, ఏడాదికి 250 నుంచి లక్షన్నర దాకా ఎంతైనా వేయొచ్చు, పదిహేనేళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన ఇరవై ఒకటో ఏట మెచ్యూరిటీ, పద్దెనిమిది నిండాక చదువుకు సగం దాకా తీయొచ్చు, వడ్డీకి పన్ను లేదు. మగపిల్లల తండ్రులకు పీపీఎఫ్. అందులో ఒక కిటుకు ఉంది. నెలలో ఐదో తేదీ సాయంత్రం నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఎంత తక్కువ నిల్వ ఉంటే దానిమీదే వడ్డీ లెక్కేస్తారు, ఆరో తేదీన కట్టారంటే ఆ నెల వడ్డీ పోయినట్టే. ఏడాది మొత్తం ఒకేసారి కట్టేవాళ్లు ఏప్రిల్ ఐదులోపు కట్టేది ఇందుకే.

ఇక షేర్లు. సిప్ ఆపాలా? నాకు తెలిసి ఆపాల్సిన కారణాలు రెండే. ఒకటి, ఆ డబ్బు తేదీ దగ్గరపడింది. రెండు, మొదటి మూట ఖాళీగా ఉంది. మార్కెట్ పడిందని ఆపితే, చవగ్గా దొరికే రోజుల్లో కొనడం మానేసి, ధర పెరిగాక మళ్లీ మొదలుపెడతారు, కూరగాయల బజారులో ఎవరూ చేయని పని. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 13 శాతం పడి 26 వేల దిగువకు వచ్చింది, అదే ఏడాది నవంబరుకు పాత గరిష్ఠం దాటింది. 2025 ఏప్రిల్‌లో 73 వేలకు పడింది జూన్ చివరికి 84 వేల దగ్గర ఉంది. అయితే "ఎప్పుడూ లేస్తుంది" అని మీకు హామీ ఇవ్వను. జపాన్ నిక్కీ 1989 డిసెంబరు నాటి గరిష్ఠాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో, ముప్పై నాలుగేళ్లకు. అందుకే వయసు ఎంతైనా, ధైర్యం ఎంతైనా, అన్నీ షేర్లలో పెట్టొద్దు. ఎంత పెట్టాలో తేల్చుకోవడానికి నేను చేసే పరీక్ష ఒకటి ఉంది, షేర్లలో ఉన్న మొత్తం సగమైపోయిందనుకోండి, ఆ అంకెను కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు చూపించండి. నాలుగు లక్షలు రెండు లక్షలైతే మా వాళ్లావిడ "పోనీలెండి, పాప చిన్నది కదా" అంది. ఎనిమిది లక్షలు నాలుగైతే? నోరు తెరవలేదు. సరే, నాలుగు దగ్గరే ఆపాం.

ఒకే కంపెనీ షేరులో మాత్రం పెట్టకండి. 2009 జనవరి 7న తప్పుడు లెక్కలు చూపించానని ఒప్పుకుంటూ సత్యం రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడిన రోజు ఆ షేరు 179 నుంచి 40 రూపాయలకు పడింది, ఒక్క పూటలో. మన ఊరి కంపెనీ, మన పిల్లలు చేసే కంపెనీ అని జీతంతో పాటు దాచుకున్నదీ అందులోనే పెట్టినవాళ్లు హైదరాబాదులో ఎందరో. ఇండెక్స్ ఫండ్ అయితే యాభై కంపెనీలు, ఒకటి మునిగినా పడవ మునగదు. డైరెక్ట్ ప్లాన్ తీసుకోండి, రెగ్యులర్ ప్లాన్‌లో మధ్యవర్తి కమీషన్ ఏటా మీ డబ్బులోంచే పోతుంది. చేతిలో ఒకేసారి పెద్దమొత్తం ఉంటే లిక్విడ్ ఫండ్‌లో వేసి ఏడాదిపాటు నెలనెలా అక్కడినుంచి ఇండెక్స్ ఫండ్‌కు మళ్లేలా పెట్టుకోవచ్చు. దీనివల్ల లాభం ఎక్కువొస్తుందని కాదు, తప్పు రోజున అంతా పెట్టానన్న బాధ ఉండదు, అంతే.

ధర ముందుముందు ఎటు పోతుందో అని కాసే పందేల్లాంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్ గురించి ఒక్క వాక్యం. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాటిలో ఆడిన కోటిమందికి పైగా మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీయే లెక్క తీసి చెప్పింది.

బంగారం

మన ఇళ్లలో దీన్ని వద్దనేవాళ్లు లేరు, నేనూ అనను. మార్కెట్ భయపడినప్పుడల్లా బంగారం పెరగడం మామూలే, 2025 ఏప్రిల్‌లో పది గ్రాములు లక్ష దాటిందీ ఆ భయంతోనే. కానీ అది కూడా నిద్రపోతుంది. 2012 చివర్లో పది గ్రాములు 31 వేల దగ్గర ఉంది, 2018లోనూ దాదాపు అక్కడే. ఆరేళ్లు. అప్పుడు ఎవరూ ఫోన్ చేసి బంగారం తీసేస్తున్నా అనలేదు, ఎందుకంటే దాని ధర మన ఫోన్లో రోజూ ఎర్రగా మెరవదు. పదో పదిహేనో శాతం చాలని నా లెక్క, ఇంట్లో నగలు అప్పటికే అంత ఉంటే మళ్లీ కొనక్కర్లేదు. పెట్టుబడి కోసమైతే నగ కొనకండి, తరుగు, మజూరీ, జీఎస్టీ అన్నీ కలిపి కొట్టు మెట్లు దిగేలోపే పదిశాతం పైన పోతుంది. బంగారం ధరతో ముడిపడిన ప్రభుత్వ బాండ్లు, సావరిన్ గోల్డ్ బాండ్లు, ఉన్నంతకాలం బ్రహ్మాండంగా ఉండేవి, 2015 నవంబరులో గ్రాము 2,684 చొప్పున ఇచ్చిన మొదటి విడతను 2023 నవంబరులో 6,132 చొప్పున వెనక్కి తీసుకున్నారు, మధ్యలో ఏటా రెండుముప్పావు శాతం వడ్డీ అదనం. 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి రాలేదు. ఇప్పుడు మిగిలింది గోల్డ్ ఈటీఎఫ్, అంటే షేరులా కొనుక్కునే బంగారం ఫండ్.

రెండు రూపాయల వడ్డీ సంగతి

ఇప్పుడు ఆ బావమరిది దగ్గరికి వద్దాం. బిజినెస్ బాగుంది, ఆస్తులున్నాయి, అన్నీ ఉంటే బ్యాంకు పదకొండు పన్నెండు శాతానికి, అంటే రూపాయి లోపు వడ్డీకే అప్పిస్తుంది కదా? రెట్టింపు ఇచ్చి మన దగ్గర ఎందుకు తీసుకుంటున్నాడు? బ్యాంకువాడు బ్యాలెన్సు షీటు చూసి వద్దన్నాడు కాబట్టి. బ్యాంకు మేనేజరు కాదన్న రిస్కు, షేరు మార్కెట్ రిస్కుగా ఉందని పారిపోయి వచ్చిన మనం నెత్తికెత్తుకుంటున్నాం.

ఇంకో లెక్క. నెలకు నూటికి రెండు చొప్పున వస్తుంటే, అసలు మొత్తం వడ్డీ రూపంలో మీ చేతికి తిరిగి రావడానికి యాభై నెలలు పడుతుంది. నాలుగేళ్ల పైన. అప్పటిదాకా వచ్చే ప్రతి వడ్డీ రూపాయీ, ఒక రకంగా, మీ డబ్బే మీకు తిరిగిస్తున్నట్టు. ఇరవయ్యో నెలలో ఐపీ పెట్టాడంటే నూటికి నలభై చేతికొచ్చింది, అరవై పోయింది. నిఫ్టీ అరవై శాతం పడి మళ్లీ లేవకుండా ఉండిపోవడంతో సమానం ఇది, కానీ దీన్ని మనం "సేఫ్" అంటాం.

అయినా ఇస్తామంటే, దగ్గరివాళ్లు, తప్పదు అంటే, పోతే ఇంటికి దెబ్బ తగలనంత ఇవ్వండి. డబ్బు బ్యాంకు ఖాతా ద్వారానే పంపండి, ఇరవై వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ప్రామిసరీ నోటుకు మూడేళ్లే ఆయుష్షు, ఆలోపు ఎంతో కొంత జమ చేయించి నోటు వెనక తారీఖుతో చెల్లు రాయించి సంతకం పెట్టించుకోకపోతే కాలదోషం పట్టి నోటు చిత్తుకాగితమైపోతుంది. ఎందరో బీరువాలో నోటు భద్రంగా దాచుకుని, నాలుగో ఏట తీసి చూసుకుని, లాయరు దగ్గర తెల్లమొహం వేశారు.

చీటీలు. మా అమ్మ 2011లో మా వీధిలోనే ఒకావిడ దగ్గర చీటీ కట్టింది, ఆవిడ వినాయక చవితికి అందరికంటే పెద్ద చందా రాసేది. ఒక తెల్లవారుజామున ఇంటికి తాళం. మా అమ్మవి ఎనభై వేలు. పుస్తకం అడిగితే, చిన్న డైరీలో పెన్సిలుతో రాసిన అంకెలు తప్ప ఏమీ లేవు, అదీ మా అమ్మ రాసుకున్నవే. చిట్ అనేది దానంతటది చెడ్డది కాదు, 1982 చట్టం కింద ప్రతి గ్రూపుకూ చిట్ రిజిస్ట్రారు దగ్గర అనుమతి ఉండాలి, నిర్వాహకుడు పూచీగా డిపాజిట్ కట్టాలి, అతని కమీషన్ ఏడు శాతం మించకూడదు. గ్రూపు అనుమతి నెంబరు అడగండి. కంపెనీ రిజిస్టరైతే చాలదు, మీరు కట్టే గ్రూపు రిజిస్టరవ్వాలి. అవసరం ఉండి మధ్యలో పాడుకునేవాడికి చీటీ పనికొస్తుంది, దాచుకోవడానికి కడుతున్నానంటే మాత్రం చివరిదాకా డివిడెండ్లన్నీ కూడి, పైసల వడ్డీ ఎంత పడిందో లెక్కేసుకుని చూడండి, చాలాసార్లు ఎఫ్.డి. దరిదాపుల్లోనే ఉంటుంది.

ప్రీ లాంచ్ ఫ్లాట్లు, యూడీఎస్ (ఫ్లాట్ కట్టకముందే భూమిలో విడదీయని వాటా రాసిచ్చే) అమ్మకాలు హైదరాబాదు చుట్టుపక్కల ఎంతమంది డబ్బు మింగాయో చెప్పక్కర్లేదు. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ నెంబరు రాకముందు ప్రకటన ఇవ్వడమే నేరం, డబ్బు తీసుకోవడం సంగతి సరే సరి. "నెంబరు నెలలో వస్తుంది సార్, ఇప్పుడైతే చదరపు అడుగుకు రెండువేలు తక్కువ" అంటే లేచి వచ్చేయండి, టీ తాగినా ఫరవాలేదు.

ఇంట్లో పెద్దవాళ్ల డబ్బు, కాగితాలు

అమ్మానాన్నల రిటైర్మెంటు డబ్బును మీ తెలివితేటలు పరీక్షించుకోవడానికి వాడకండి. అరవై దాటినవాళ్లకు సీనియర్ సిటిజన్ స్కీములో ఒకరికి 30 లక్షల దాకా వేయొచ్చు, 8.2 శాతం మీద మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. వేసిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది, కాబట్టి రేట్లు దిగుతాయన్న టెన్షన్ ఉండదు. వడ్డీకి పన్ను ఉంటుంది. ఆ తర్వాత పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్, ఒకరి పేరు మీద 9 లక్షలు, జాయింటుగా 15.

చివరికి మా వాడి లెక్క ఇలా తేలింది. లక్షన్నరతో గోల్డ్ లోన్ తీర్చాడు, రెండున్నర లక్షలు మొదటి మూట, నాలుగున్నర లక్షలు మూడు ఎఫ్.డి.లు, లక్షన్నర పాప సుకన్యలో, ఫండ్‌లో నాలుగు అలాగే. సిప్ ఆపలేదు. ఎఫ్.డి. పాత రసీదు తీసి చూస్తే నామినీగా మా బాబాయి పేరే ఉంది, ఆయన పోయి ఆరేళ్లయింది. మీవి కూడా ఈ ఆదివారం తీసి చూడండి, 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ల పాత ఖాతాలేవైనా మరిచిపోయి ఉంటే రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌లో పేరుతో వెతకొచ్చు.

ఆ బావమరిదిగారు మిగతావాళ్లకు ఇప్పటికీ నెల నెలా ఒకటో తేదీనే వడ్డీ ఇస్తున్నాడట. మా వాడు పండక్కి కలిసినప్పుడల్లా ఆ మాట ఎత్తుతాడు, కాస్త ఎత్తిపొడుపుగానే. ఇంకా యాభై నెలలు కాలేదురా అంటాను నేను.